క్యాప్సికం సాగు: కప్పు కన్నా ముందు చూడాల్సినవి

తెలుగు రైతులు క్యాప్సికం గురించి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: పాలీహౌస్ వేస్తే గిట్టుబాటవుతుందా? ఎకరానికి ముప్పై టన్నులు తీసిన రైతును చూపించి ఔననేవాళ్లు ఉన్నారు. పాలిథిన్ చిరిగి, లోపల గడ్డి మొలిచి, ఇనుప గొట్టాలు మిగిలిన పాలీహౌస్‌ను చూపించి కాదనేవాళ్లూ ఉన్నారు. రెండూ కళ్లెదుట కనిపించే నిజాలే. ఒకే పంట, ఒకే రకం కట్టడం ఒకచోట నిలబడి మరోచోట ఎందుకు దెబ్బతింటోందో తేల్చుకోవాలంటే సాగు మొత్తాన్ని, నారుమడి నుంచి మార్కెట్ దాకా, ఒకసారి పరిశీలించాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పంట భవిష్యత్తును నాలుగు విషయాలు నిర్ణయిస్తున్నాయి: రాత్రి ఉష్ణోగ్రత, పూతలో చేరే పురుగు, నేలలో చేరే నులిపురుగు, కాయ కొనే మనిషి. పాలీహౌస్ కప్పు వీటి తర్వాతి సంగతి. మన రాయితీలూ, శిక్షణలూ, చర్చలూ మాత్రం ఎక్కువగా కప్పు చుట్టూనే తిరుగుతున్నాయి. ఈ వరస మారాలి.

మొక్క స్వభావం

గుంటూరు యార్డులో టిక్కీలకెత్తే మిరప, సంతలో తూకానికి పెట్టే ఈ కూర మిరప, రెండూ ఒకే జాతి. మిరపలో కారాన్నిచ్చే క్యాప్సైసిన్ తయారు కావాలంటే పన్-1 అనే జన్యువు పనిచేయాలి. క్యాప్సికంలో ఆ జన్యువు దెబ్బతిని ఉంటుంది కాబట్టే కాయకు కారం ఉండదు. మిగతా విషయాల్లో ఇది అచ్చంగా మిరపే. మిరపకు వచ్చే పురుగులూ తెగుళ్లూ అన్నీ దీనికీ వస్తాయి. చుట్టూ మిరప తోటలున్న ఊళ్లో క్యాప్సికం వేసే రైతు ఈ చుట్టరికాన్ని మొదటి రోజు నుంచే గుర్తుపెట్టుకోవాలి.

మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల్లో పుట్టిన మిరపను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చారు. తీపి రకాలు చాలా కాలం తర్వాత వచ్చి, ముందుగా చల్లటి చోట్ల కుదురుకున్నాయి. హిమాచల్‌లోని సోలన్, సిమ్లా కొండలు ఇప్పటికీ ఎండాకాలంలో, వానాకాలంలో ఉత్తరాది మైదానాలకు ఈ కాయను పంపుతాయి. దక్షిణాదిలో బెంగళూరు పీఠభూమి దీనికి ఇల్లయింది. 1973లో బెంగళూరుకు చెందిన ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ సంస్థ ‘భారత్’ అనే క్యాప్సికం హైబ్రిడ్‌ను విడుదల చేసింది. కూరగాయల్లో మన దేశంలో వాణిజ్యపరంగా వచ్చిన తొలి హైబ్రిడ్లలో అదొకటి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క మోహిని, అర్క గౌరవ్, అర్క బసంత్ రకాలను ఇచ్చింది. ఇప్పుడు ఆరుబయట పండే ఆకుపచ్చ కాయల్లో ఇంద్ర వంటివి, పాలీహౌస్‌లో ఎరుపుకు బాంబీ, పసుపుకు ఒరోబెల్ వంటివి రైతుల నోట వినిపించే పేర్లు.

కాయ విలువ కూడా తక్కువది కాదు. 1930ల్లో హంగరీలోని సెగెడ్ పట్టణంలో ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జి విటమిన్ సిని పెద్ద మొత్తంలో వేరు చేయగలిగింది అక్కడి పాప్రికా మిరపకాయల నుంచే. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వంద గ్రాముల ఆకుపచ్చ క్యాప్సికంలో సుమారు 80 మిల్లీగ్రాములు, పండిన ఎర్ర కాయలో 120 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. పిజ్జా మీదకూ ఫ్రైడ్ రైస్‌లోకీ మాత్రమే పరిమితం చేయాల్సిన కాయ కాదిది. మన ఇళ్లలో సెనగపిండి చల్లి వేపుడు చేసుకుంటే రోజువారీ కూరగానే సరిపోతుంది.

వేడి లెక్క

క్యాప్సికానికి పగలు 20 నుంచి 25 డిగ్రీలు, రాత్రి 16 నుంచి 18 డిగ్రీలు బాగా నప్పుతాయి. పగటి వేడి 32 దాటితే పూత రాలడం మొదలవుతుంది. రాత్రి 24కు తగ్గకపోయినా అదే జరుగుతుంది. మరీ చలైతే పుప్పొడి సరిగా పనిచేయక, గింజ పట్టక కాయలు వంకరపోతాయి. పగటి ఎండను నెట్‌తో కొంత తగ్గించవచ్చు. రాత్రి వేడిని తగ్గించే ఉపాయం మామూలు రైతు చేతిలో లేదు.

అందుకే ఊరు ఎక్కడుందన్నది చాలా ముఖ్యం. మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు భూమి సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి చల్లబడుతుంది. పక్కనే కోలారు, చిక్కబళ్లాపురం రైతుల అనుభవం, బెంగళూరు మార్కెట్ ఉన్నాయి. అక్కడ ఈ పంట తనంతట తాను పాకింది. కృష్ణా, గుంటూరు మైదానాల్లోనూ, ఖమ్మంలోనూ ఏప్రిల్, మే రాత్రులు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు.

గాలి దానంతటదే ఆడే మామూలు పాలీహౌస్ బయటి కన్నా లోపలిని చల్లగా ఉంచలేదు. ఎండాకాలం మధ్యాహ్నం లోపల ఇంకా రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఫ్యాన్లు, తడి ప్యాడ్లు పెడితే చల్లబడుతుంది గానీ కరెంటు బిల్లు, నీటి ఖర్చు, మరమ్మతులు నెత్తిన పడతాయి. కాబట్టి మైదాన ప్రాంత రైతు ఏడాది పొడవునా కాపు తీయాలన్న ఆశ వదులుకోవాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటి, చలికాలమంతా కాయ కోసుకుని, ఎండలు ముదిరేలోపు ముగించడమే అతనికి మేలు.

నాలుగు దారులు

ఇప్పుడున్న సాగు పద్ధతులను స్థూలంగా నాలుగుగా చూడవచ్చు.

మొదటిది ఆరుబయటి సాగు. మల్చింగ్ షీటు, డ్రిప్ వేసి ఆకుపచ్చ కాయ కోస్తారు. పంట కాలం నాలుగైదు నెలలు. ఎకరానికి ఎనిమిది నుంచి పదిహేను టన్నుల దాకా రావచ్చు. పెట్టుబడి తక్కువ. కాయ మీద ఎండ దెబ్బ, వైరస్ తెగుళ్లు, అకాల వర్షం దీనికి శత్రువులు. పైగా చలికాలంలో అందరి కాయ ఒకేసారి వస్తుంది.

రెండోది షేడ్‌నెట్. 35 నుంచి 50 శాతం నీడనిచ్చే నెట్ కింద ఆరేడు నెలలు కాపు ఉంటుంది. దిగుబడి ఎకరానికి 15 నుంచి 20 టన్నులు. కాయ ఎండకు కాలదు, ఆకు వాడదు. వాన మాత్రం నేరుగా లోపలికి పడుతుంది కాబట్టి జోరు వానల్లో కుళ్లు తెగుళ్ల బెడద తప్పదు.

మూడోది పాలీహౌస్. 200 మైక్రాన్ల పాలిథిన్ కప్పు, పక్కలకు పురుగు వల, లోపల డ్రిప్. తొమ్మిది, పది నెలల పంట. ఎరుపు, పసుపు కాయలు ఎకరానికి 30 నుంచి 40 టన్నులు.

నాలుగోది మట్టి లేని సాగు. నెదర్లాండ్స్‌లోని గాజు గృహాల్లో రాక్‌వూల్ దిమ్మెల మీద మూడు మీటర్లకు పైగా పెరిగే మొక్కల నుంచి చదరపు మీటరుకు 25 నుంచి 30 కిలోల కాయ తీస్తారు. మన పాలీహౌస్‌లో మంచి పంటంటే ఎనిమిది, పది కిలోలు. ఆ అంకె చూసి ఉత్సాహపడి ఇక్కడా కోకోపీట్ బస్తాల్లో మొదలుపెట్టినవాళ్లున్నారు. అయితే డచ్చి రైతు సమస్య చలి. లోపల వేడి పెంచుకోవడానికి ఆయన డబ్బు ఖర్చు పెడతాడు. మన సమస్య వేడి. కోకోపీట్‌లో నీళ్లు కొన్ని గంటలు ఆగితేనే మొక్క కుదేలవుతుంది. కరెంటు కోతలున్న పల్లెకు ఇది సరిపడే మార్గం కాదు.

డబ్బు లెక్క చూద్దాం. సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 మార్గదర్శకాల ప్రకారం 4000 చదరపు మీటర్ల పాలీహౌస్‌కు చదరపు మీటరుకు 844 రూపాయలు ఖర్చుగా లెక్కగట్టారు. అంటే ఎకరానికి 33.76 లక్షలు. సగం రాయితీ పోతే రైతు వాటా 16.88 లక్షలు. దాని మీద ఏడాదికి పది శాతం వడ్డీ వేసుకున్నా లక్షా 69 వేలు. 35 టన్నులు పండితే కిలోకు ఐదు రూపాయలకు కాస్త తక్కువగా ఈ వడ్డీ భారం పడుతుంది. పంట సగమైతే భారం రెట్టింపవుతుంది. మూడు నాలుగేళ్లకోసారి పాలిథిన్ మార్చే ఖర్చు, పెనుగాలికి కప్పు లేచిపోతే అయ్యే ఖర్చు దీనికి అదనం. తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో ఈ రాయితీని 75 శాతానికి పెంచింది. దాంతో పాలీహౌస్‌ల సంఖ్య పెరిగింది. రాయితీ కట్టడానికి ఇచ్చింది. పదేళ్లపాటు దాన్ని నడపడానికి కావాల్సిన నైపుణ్యం దాంతోపాటు రాలేదు.

మొక్క మీద చేయి

ఆ నైపుణ్యం ఎలాంటిదో తెలియాలంటే ఒక్క మొక్క దగ్గర కాసేపు నిలబడాలి. 98 గుంతల ప్రోట్రేలో కోకోపీట్ నింపి పోసిన నారు 30 నుంచి 35 రోజులకు నాటడానికి వస్తుంది. నాటిన మూడు నాలుగు వారాలకు కాండం మొదటిసారి రెండుగా చీలుతుంది. ఆ చీలిక మధ్యలో ఒక మొగ్గ కూర్చుని ఉంటుంది. దాన్ని గోటితో గిల్లేయాలి. తొలి పూత తెంపడానికి కొత్త రైతుకు చేయి రాదు. వదిలేస్తే మాత్రం ఆ కాయ రెండు కొమ్మల నడుమ ఇరుక్కుని పెరుగుతూ, మొక్క బలమంతా లాక్కుని, ఎదుగుదలను ఆపేస్తుంది.

ఆ రెండు కొమ్మలూ మళ్లీ చీలి నాలుగవుతాయి. ఆ నాలుగింటినే ఉంచి, పైన లాగిన తీగకు వేలాడే పురులకు ఒక్కోదాన్ని చుడతారు. అక్కడి నుంచి ప్రతి కణుపు దగ్గరా కొమ్మ రెండుగా చీలుతూనే ఉంటుంది. బలమైనది ఉంచి, రెండోదాన్ని ఆకు వదిలి తుంచాలి. ఈ పని ఎనిమిది, పది రోజులకోసారి, పంట అయ్యేదాకా సాగుతుంది. ఎకరానికి 16 నుంచి 20 వేల మొక్కలు పడతాయి. 18 వేలనుకుంటే 72 వేల కొమ్మలు. ప్రతి పది రోజులకూ ప్రతి కొమ్మనూ ఎవరో ఒకరు పట్టి చూడాలి.

ఈ పని చేసేది ఎక్కువగా ఆడకూలీలు. ఏ చిగురు తుంచాలో, ఏ కాయ ముందే తీసేస్తే మొక్క నిలబడుతుందో వాళ్ల చేతులకు తెలుస్తుంది. అయినా పాలీహౌస్ శిక్షణ తరగతులకు పిలిచేది పట్టాదారును. పంట నాణ్యత ఎవరి వేళ్ల మీద ఆధారపడి ఉందో వాళ్లకే శిక్షణ, వాళ్లకే మెరుగైన కూలి అందాలి. పొగాకు, ఖైనీ వాడిన చేతుల నుంచి పొగాకు మొజాయిక్ వైరస్ మొక్కకు అంటుకుంటుందన్న సంగతి కూడా వాళ్లకు చెప్పాలి. లోపలికి పోయేముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం ఏ మందుకూ తీసిపోని రక్షణ.

నేల చేసే హెచ్చరిక

పాలీహౌస్ మొదటి పంట బాగుండి మూడో పంటకు దెబ్బతినడం వెనక చాలాసార్లు నేల ఉంటుంది. ఏటా అదే బెడ్డు మీద అదే కుటుంబపు పంట. వేళ్లలో బుడిపెలు కట్టే నులిపురుగులు పెరిగిపోతాయి. మొక్క పగలు వాడి, సాయంత్రం తేరుకుంటూ, క్రమంగా కుదించుకుపోతుంది. పీకి చూస్తే వేరంతా ముడులు ముడులుగా కనిపిస్తుంది. పైగా కప్పు కింద వాన పడదు. డ్రిప్‌లో ఇచ్చిన ఎరువుల ఉప్పు నేలలోనే పేరుకుంటుంది. ఏడాదికోసారైనా మట్టి పరీక్ష చేయించి, మంచినీటితో బెడ్లను బాగా తడిపి ఆ ఉప్పును కిందికి దించాలి.

మన ఎండ ఇక్కడ మేలు చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పంట ఎలాగూ నిలవదు. అప్పుడు బెడ్లను తడిపి, పారదర్శక పాలిథిన్ షీటు పరిచి, అంచులను మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే పైపొర వేడెక్కి నులిపురుగులు, కుళ్లు శిలీంధ్రాలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. తర్వాత వేప పిండి, పశువుల ఎరువులో ట్రైకోడెర్మా కలిపి, నీడలో మాగబెట్టి బెడ్లకు వేయాలి. ఒక పంట మార్చి బంతి వేసినా నులిపురుగు తగ్గుతుంది. వేసవి విరామాన్ని నష్టంగా లెక్కేసే రైతు దాన్ని నేల బాగుకు వాడుకుంటే పాలీహౌస్ ఆయుష్షు పెరుగుతుంది.

పూతలో పురుగు

ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. పై ముడత, కింది ముడత అని మిరప రైతులకు చిన్నప్పటి నుంచి తెలిసిన గుర్తులే ఇవి. 2021-22లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు, త్రిప్స్ పార్విస్పైనస్, ఈ లెక్కను కష్టతరం చేసింది. ఇది పూతలోనే దాక్కుంటుంది. తెల్ల కాగితం పట్టి పూవును దాని మీద తట్టి చూస్తే నల్లటి సన్నటి గీతల్లాంటివి పరుగెడతాయి. మందు పైన పడుతుంది, పురుగు పూరేకుల లోపల ఉంటుంది. వారం తిరక్కుండా మళ్లీ కొడతారు. మిత్ర పురుగులు చస్తాయి, ఇది తట్టుకుంటుంది.

పురుగు వల దీన్ని ఆపుతుందా? 40 మెష్ వల తెల్లదోమను చాలావరకు ఆపుతుంది. తామర పురుగు అంతకన్నా సన్నటిది. ఇంకా సన్న వల వేస్తే గాలి ఆడక లోపల ఉడుకుతుంది. వేడి లెక్కా పురుగు లెక్కా ఇక్కడ ఎదురెదురు పడతాయి. కప్పు ఒక్కటే కాపాడలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మందులతో ఇంకో చిక్కుంది. ఎండుమిరపకు కోతకూ వంటకూ మధ్య కళ్లంలో కొన్ని రోజులు గడుస్తాయి. క్యాప్సికం మూడు నాలుగు రోజులకోసారి కోస్తారు. మందు డబ్బా మీద రాసిన విరామ కాలం పాటించడం దాదాపు అసాధ్యం. తినేవాళ్లు చాలాసార్లు పచ్చిగానే తింటారు. ఈ విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి.

స్పెయిన్‌లోని అల్మేరియా ఈ ఇబ్బందిని దాటిన తీరు మనకు పాఠం. ముప్పై వేల హెక్టార్లకు పైగా పాలిథిన్ కప్పుల కింద కూరగాయలు పండించే ఆ ప్రాంతం యూరప్‌కు చలికాలపు క్యాప్సికం సరఫరా చేస్తుంది. 2006-07 చలికాలంలో అక్కడి కాయల్లో అనుమతి లేని ఐసోఫెన్‌ఫాస్ మిథైల్ అవశేషాలు జర్మనీలో బయటపడ్డాయి. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. అప్పటికే తామర పురుగులు మందులకు లొంగకుండా పోయాయి. గత్యంతరం లేక రైతులు మిత్ర పురుగుల వైపు తిరిగారు. ఓరియస్ అనే చిన్న వేట పురుగు పూతలోనే కాపురముండి తామర పురుగును తింటుంది. పురుగు దొరకనప్పుడు పుప్పొడి తిని బతుకుతుంది. స్విర్స్కీ అనే వేట నల్లి తామర పిల్ల పురుగుల్నీ తెల్లదోమ గుడ్లనూ తింటుంది. రెండు మూడు సీజన్లలోనే అక్కడి క్యాప్సికంలో అత్యధిక భాగం ఈ పద్ధతికి మారింది. అక్కడి పాలీహౌస్‌లు చాలావరకు మనవాటిలాగే సాదాసీదావి. మారింది పురుగును చూసే తీరు, అందులో సలహాదారులూ సహకార సంఘాలూ నిలబడిన తీరు.

మన దగ్గర ఆ విద్య లేకపోలేదు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ బ్లాప్టోస్టెథస్ అనే దేశీయ వేట పురుగును పెద్ద సంఖ్యలో పెంచే పద్ధతిని రూపొందించింది. కావాల్సిందల్లా దాన్ని ప్రయోగశాల నుంచి కుప్పం, చేవెళ్ల రైతు దాకా సమయానికి చేర్చే ఏర్పాటు. ఈలోగా నీలం, పసుపు జిగురు అట్టలు, రెండు తలుపుల ప్రవేశం, వైరస్ సోకిన మొక్కల్ని వెంటనే పీకి కాల్చడం, చుట్టూ రెండు మూడు వరసల జొన్న లేదా మొక్కజొన్న: ఇవి ఏ రైతైనా రేపటి నుంచే చేయగలిగినవి.

కొనేవాడు

ఎర్ర కాయ, పసుపు కాయ మొదట్లో ఆకుపచ్చవే. నాటిన 55, 60 రోజులకు ఆకుపచ్చగా కోయవచ్చు. పసుపు రంగుకు 70 నుంచి 75, ఎరుపుకు 80 నుంచి 90 రోజులు పడుతుంది. రంగు తిరిగేదాకా కాయ మొక్క మీదే ఉంటుంది కాబట్టి ఆ బరువుకు కొత్త పూత రాలుతుంది. కాయలు కోసేశాక పూత మళ్లీ విరగబూస్తుంది. అందుకే ఈ పంట అలలు అలలుగా వస్తుంది. ఒకే వారంలో నాటిన ఊరంతా ఒకే వారంలో కాయ తెస్తే ధర పడిపోతుంది. నాటే తేదీలను పది మంది రైతులు పంచుకోవడం, ధర బాగున్నప్పుడు కొంత ఆకుపచ్చగానే కోసి మొక్కను తేలికపరచడం ఇందుకు విరుగుడు.

రంగు కాయకు గిరాకీ ఎక్కువగా హోటళ్లు, కేటరింగ్, సూపర్ మార్కెట్ల నుంచే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హోటళ్లు మూతపడగానే దేశమంతటా పాలీహౌస్ రైతులు కాయను దున్నేయడమో పశువులకు వేయడమో చేయాల్సి వచ్చింది. ఒకే రకం కొనుగోలుదారును నమ్ముకుంటే ఏమవుతుందో అప్పుడు తేలింది. బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఏ రోజు ధర ఆ రోజుదే. వంకర లేని, 150 గ్రాములు దాటిన, ఒకే రంగు కాయలను వేరుచేసి క్రేట్లలో పంపిన రైతుకూ, కలగాపులగంగా బస్తాల్లో నింపినవారికీ మధ్య కిలోకు పది రూపాయల తేడా వచ్చినా 35 టన్నుల మీద మూడున్నర లక్షలవుతుంది. రైతు కట్టే వడ్డీకి రెట్టింపు. పంట తీయడంలో ఎంత శ్రద్ధ కావాలో గ్రేడింగులో అంతే కావాలి.

ఏం చేయాలి

ఇదంతా కలిపి చూస్తే రైతుకు చెప్పగలిగిన మాట ఒక వరసలో వస్తుంది. ముందు మీ ఊరి రాత్రి ఉష్ణోగ్రతలు నెలనెలా రాసుకోండి. అవే మీ పంట కాలాన్ని చెబుతాయి. తర్వాత కొనేవాళ్లను, కనీసం రెండు రకాలవాళ్లను, మాట్లాడుకోండి. పది, ఇరవై సెంట్లలో షేడ్‌నెట్ కింద ఒక పంట తీయండి. కత్తిరింపు, పురుగు లెక్క, గ్రేడింగు ఇంట్లోవాళ్లకూ కూలీలకూ అలవడ్డాక, ఆ అనుభవం ఔనంటే పాలీహౌస్‌కు వెళ్లండి. అప్పు ముందు, అనుభవం తర్వాత అయితే మొదటి తప్పుకే కిస్తీ ఆగిపోతుంది.

ప్రభుత్వాలకు చెప్పాల్సింది ఇంకా సూటిగా ఉంది. చదరపు మీటర్ల లెక్కన ఇచ్చే రాయితీలో కొంత భాగాన్ని పంట నడిపే సేవలకు మళ్లించాలి. కుప్పంలోనూ జీడిమెట్లలోనూ ఉన్న కూరగాయల ప్రత్యేక కేంద్రాల నుంచి ఆరోగ్యమైన నారుతో పాటు మిత్ర పురుగులు కూడా అందాలి. ప్రతి యాభై పాలీహౌస్‌లకు వారం వారం వచ్చి పూవును కాగితం మీద తట్టి చూసే ఒక సలహాదారు ఉండాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు గ్రేడింగ్ షెడ్డు, శీతల వ్యాను ఇవ్వాలి. కాయలో మందు అవశేషాల పరీక్ష జిల్లాలోనే, రైతు భరించగలిగే ధరకు జరగాలి. ఇవన్నీ కలిపినా కట్టడాలకు పెట్టే ఖర్చులో చిన్న వంతే అవుతుంది.

చల్లటి ఊళ్లలో ఈ పంటకు మంచి భవిష్యత్తుంది. మైదానాల్లో చలికాలపు పంటగా చోటుంది. మండే ఎండలో ఏడాది పొడవునా పండించాలన్న పట్టుదలకు మాత్రం చోటు లేదు. మిరపను మనకన్నా బాగా ఎరిగిన రైతులు దేశంలో తక్కువ. ముడత చూసి పురుగు పేరు చెప్పగల ఆ కళ్లకు మిత్ర పురుగునూ, నమ్మకమైన మార్కెట్‌నూ జోడిస్తే క్యాప్సికం సాగు కొద్దిమంది సాహసంగా మిగలక, సన్నకారు రైతు ధైర్యంగా లెక్కవేసుకుని చేసే వ్యవసాయమవుతుంది.